ఆశ్రమంలో పెద్ద పండగ: ఈసారైనా సరిగ్గా చెయ్యాలి, సలహా చెప్పండి

పెద్దచెరువుగట్టు (డిసెంబర్ 17)
విజయనగరం ఊరి చివర ఒక వృద్ధాశ్రమంలో ఆఫీసు పని చూస్తాను. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. లెక్కలు రాయడం, మందులు తెప్పించడం, మోటారు పాడైతే మెకానిక్ వెంట తిరగడం. మొత్తం 31 మంది ఉంటారు, అందులో 19 మంది ఆడవాళ్ళు.

కిందటి సంక్రాంతికి మూడు బృందాలొచ్చాయి. మొదటివాళ్ళు పదింటికి ఇడ్లీలు తెచ్చారు. అందరూ ఎనిమిదింటికే తినేశారు, అయినా వాళ్ళు బాధపడతారని మళ్ళీ తిన్నారు. రెండోవాళ్ళు స్పీకర్ బాక్సులు తెచ్చి డీజే పాటలు పెట్టి, మామ్మల్ని చెయ్యి పట్టుకుని లేపి డాన్స్ చేయించారు. మూడోవాళ్ళు "భోజనం మాది, మీరు పొయ్యి వెలిగించొద్దు" అని ముందురోజే ఫోన్ చేశారు. వచ్చేసరికి 2:20 అయింది. ఒక తాతగారికి పన్నెండున్నరకే ఇన్సులిన్ వేసేశాం. ఒళ్ళంతా చెమటలు పట్టి కుర్చీలోనే వాలిపోయారు. పంచదార నీళ్ళు పట్టించాక తేరుకున్నారు. సరిగ్గా అప్పుడే వ్యాన్ దిగినవాళ్ళు "అందరూ ఒకచోట కూర్చోండి, గ్రూప్ ఫోటో" అన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక మామ్మ వరండాలో ఒళ్ళో కొత్త పంచె పెట్టుకుని కూర్చుంది. పింఛను డబ్బుల్లోంచి తెప్పించుకుందట. "పెద్దలకి ఎక్కడ పెట్టుకోవాలి బాబూ, ఎవరూ చెప్పలేదు" అంది. నాకు నోట మాట రాలేదు. చీకటి పడేదాకా చూసి ఆ పంచె తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేసుకుంది.

ఈసారి ఏం చెయ్యాలో చెప్పండి. డబ్బులు పెద్దగా లేవు.

బొబ్బిలి_వీణ (డిసెంబర్ 17)
ముందు భోజనం సంగతి తేల్చుకోండి. మా అత్తగారున్న చోట గేటు పక్కనే బోర్డు రాసి పెట్టారు. పన్నెండింటికి గిన్నెలు లోపలికి రాకపోతే మా వంట మేం వండుకుంటాం, మీరు తెచ్చింది రాత్రికి పనికొస్తే వాడతాం, లేదంటే లేదు అని. మొదట్లో దాతలు అలిగారు. ఇప్పుడు పదకొండున్నరకే వస్తున్నారు.

మూడులాంతర్లు (డిసెంబర్ 17)
ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊర్లో మామ్మల చేత డీజేకి డాన్సా! ఆ స్పీకర్ తెచ్చినవాళ్ళని సంగీత కళాశాల మెట్ల మీద గంటసేపు నిలబెట్టాలి.

పాలకొండ_పిల్ల (డిసెంబర్ 17)
ఆ పంచె దగ్గర ఆగిపోయాను. ఈ వైపు వాళ్ళకి తప్ప అర్థం కాదు అది. బయటివాళ్ళకి సంక్రాంతి అంటే కోడిపందేలు, గాలిపటాలు. మనకి పెద్దల పండగ. పోయినవాళ్ళకి కొత్త బట్ట పెట్టకుండా మనం కొత్త బట్ట కట్టుకోం కదా.

రిటైర్డ్_మాస్టారు (డిసెంబర్ 18)
పాలకొండ అమ్మాయి చెప్పింది నిజం. మా ఇంట్లో అయితే సంక్రాంతి నాడు ఒక మూల అలికి ముగ్గు వేసి, పీట మీద బట్టలు పెట్టి, వండినవన్నీ విస్తట్లో వడ్డించి, ధూపం వేసి తలుపు దగ్గరగా వేసేవాళ్ళం. కాసేపు ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, పెద్దలు తింటున్నారని. మా తమ్ముడు ఓసారి తలుపు సందులోంచి చూసి "తాత గారె తినలేదే" అని అరిచాడు. వాడికిప్పుడు 64.

అయితే ఒక మాట. బట్టలు పెట్టాల్సింది ఇంటి కొడుకు, సొంత ఇంట్లో. ఆశ్రమంలో పెట్టుకోవడం పద్ధతేనా అని నాకు సందేహమే. ఆ కొడుకు ఊళ్ళో పెడుతూ ఉంటే ఇక్కడ మళ్ళీ ఎందుకు?

పాలకొండ_పిల్ల (డిసెంబర్ 18)
కొడుకు పెట్టకపోతే మాస్టారూ? లేదూ, కొడుకే లేకపోతే? 40 ఏళ్ళు కాపురం చేసిన మనిషి తన మొగుడికి పంచె పెట్టుకుంటానంటే పద్ధతి అడ్డొస్తుందా?

రిటైర్డ్_మాస్టారు (డిసెంబర్ 18)
కోప్పడకమ్మా. సందేహం అన్నాను, కాదనలేదు.

వంశధార_గట్టు (డిసెంబర్ 18)
అసలు సంగతి వదిలేసి అందరూ అరిసెల చుట్టూ తిరుగుతున్నారు. కన్నవాళ్ళని పండగ పూట కూడా చూడని పిల్లల మీద కేసు పెట్టాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకి 2007 చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో అర్జీ పెడితే నెలనెలా ఖర్చులు ఇప్పిస్తారు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేస్తే దారి చెప్తారు, డబ్బులు కూడా పడవు. ముందు ఆ పని చెయ్యండి, పండగ తర్వాత.

బొబ్బిలి_వీణ (డిసెంబర్ 18)
మా అత్తగారు తనంతట తానే వెళ్ళారండీ. మా ఆయనా నేనూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తే పగలంతా గోడలు చూస్తూ కూర్చోలేనన్నారు. అక్కడ ఆవిడకి అష్టాచెమ్మా జట్టు ఉంది. ప్రతి ఆదివారం మేం వెళ్తాం. ఆశ్రమంలో ఉన్న ప్రతి మనిషినీ పిల్లలు తోసేశారని అనుకోవద్దు. పండగకి వచ్చే దాతలు కూడా ఇదే అనుకుని "పాపం" అంటూ తల నిమురుతారు. మా అత్తగారికి ఒళ్ళు మండిపోతుంది.

వంశధార_గట్టు (డిసెంబర్ 18)
మీ ఇంటి సంగతి వేరు. నేను కళ్ళారా చూసినవి చెప్పమంటే ఈ పేజీ చాలదు.

పెద్దచెరువుగట్టు (డిసెంబర్ 18)
మా దగ్గర రెండు రకాలూ ఉన్నారు. ఆ ఫోన్ నంబరు నోటీసు బోర్డు మీద పెట్టే ఉంచాం, ఇద్దరు వాడుకున్నారు కూడా. ప్రస్తుతానికి పండగ గురించే చెప్పండి సార్.

నర్సమ్మ_ఆముదాలవలస (డిసెంబర్ 19)
నేను తొమ్మిదేళ్ళుగా ఇలాంటి చోటే డ్యూటీ చేస్తున్నాను. చాలా చూశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

షుగర్ ఉన్నవాళ్ళకి "తీపి ముట్టుకోవద్దు" అని పండగ నాడు చెప్పకండి. వాళ్ళు ముట్టుకుంటారు. దిండు కింద, చీర మడతల్లో, చివరికి కట్టుడు పళ్ళ డబ్బాలో కూడా అరిసెలు దొరికాయి నాకు. దాచుకుని తిన్నవాళ్ళు ఎన్ని తిన్నారో మనకి తెలియదు, అది అసలు ప్రమాదం. మనమే సగం అరిసె విస్తట్లో పెట్టి, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గిస్తే మన కళ్ళ ముందే ఉంటుంది. ఎవరికి ఎంత అన్నది మీ డాక్టర్ని ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి, పండగ నాడు ఆయన దొరకడు.

అంతకంటే భయం ఉపవాసాలతో. ధనుర్మాసం అని, ఏకాదశి అని చెప్పి తిండి మానేసి మాత్రలు మాత్రం వేసేసుకుంటారు. మీ తాతగారికి జరిగిందే జరుగుతుంది. వైకుంఠ ఏకాదశి కూడా ఈ మధ్యలోనే పడుతుంది. ఎవరు ఉపవాసం ఉంటున్నారో ముందురోజు రాత్రే అడగండి. "ఉండకండి" అంటే అబద్ధం చెప్తారు. "ఉంటే పాలో పండో ఎప్పుడు తీసుకుంటారు, మాత్ర ఎప్పుడు మార్చాలి" అని అడిగితే నిజం చెప్తారు.

మింగడం కష్టమైనవాళ్ళకి అరిసె, జంతిక వద్దు. పరమాన్నం మెత్తగా చేసి పెట్టండి. పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళని పడుకోబెట్టి తినిపించకండి, నిటారుగా కూర్చోబెట్టండి. దాతలు ప్రేమకొద్దీ నోట్లో పెట్టేస్తుంటారు, అది అస్సలు ఒప్పుకోవద్దు.

భోగి మంట పొగకి ఆస్తమా ఉన్నవాళ్ళని దూరంగా ఉంచండి. అసలే మంచు.

ఉద్దానం_కుర్రోడు (డిసెంబర్ 19)
నర్సమ్మగారు చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. మా కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. పండగొస్తే చాలు, ఎవరో ఒకరు కొబ్బరిబోండాం కొట్టి చేతిలో పెడతారు. మా ఊరంతా కొబ్బరే కదా. "మంచిదేరా, చలవ" అంటారు. కిడ్నీ పాడైనవాళ్ళకి కొబ్బరినీళ్ళు విషంతో సమానం. పొటాషియం రక్తంలో పేరుకుపోతుంది, గుండె ఆగిపోవచ్చు. అరటిపళ్ళూ అంతే. తీర్థం కూడా చెంచాడే. రోజుకి ఇన్ని నీళ్ళని లెక్క ఉంటుంది వాళ్ళకి.

మీ 31 మందిలో అలాంటివాళ్ళు ఉంటే వాళ్ళ విస్తరి వేరే చూడండి. ఆశ్రమాలకి వచ్చేవాళ్ళు తెచ్చేవి ఎప్పుడూ రెండే, అరటిపళ్ళు, బ్రెడ్డు. ఇంకో సంగతి, పండగ డయాలసిస్ రోజు పడితే ముందే సెంటర్లో మాట్లాడుకోండి. పండగ కదా అని డయాలసిస్ మానేస్తే రెండో రోజుకి ఆయాసం వచ్చేస్తుంది. మా నాన్న ఓ కనుమ నాడు అలాగే చేశారు.

పెద్దచెరువుగట్టు (డిసెంబర్ 19)
ఇద్దరున్నారు సోదరా అలాంటివాళ్ళు. కిందటేడు ఇద్దరికీ బోండాలు ఇచ్చారు. తలచుకుంటే ఇప్పుడు చెమటలు పడుతున్నాయి.

జీడిపప్పు_పలాస (డిసెంబర్ 19)
దప్పళంలో ముక్కలు విడిగా ఉడకబెట్టి ఆ నీళ్ళు వంపేసి వాళ్ళకి పులుసులో వెయ్యమని మా అమ్మకి డాక్టర్ చెప్పారు. రుచి సగం పోతుంది గానీ గుమ్మడికాయ ముక్క తిన్నానన్న తృప్తి ఉంటుంది.

డల్లాస్_అల్లుడు (డిసెంబర్ 20)
మా మావగారు శ్రీకాకుళంలో ఒక హోమ్‌లో ఉంటారు. ఒక పెద్ద టీవీ పెట్టి, విదేశాల్లో ఉన్న పిల్లలందరూ ఒకేసారి వీడియో కాల్‌లోకి వస్తే బాగుంటుంది. మీకు సంక్రాంతి ఉదయం ఎనిమిదంటే మాకు భోగి రాత్రి ఎనిమిదిన్నర. టైం కూడా కలుస్తుంది. టీవీ ఖర్చు నేను చూసుకుంటాను.

మూడులాంతర్లు (డిసెంబర్ 20)
అల్లుడుగారూ, 31 మంది ఒకే టీవీ ముందు కూర్చుంటే ఎవరి కొడుకు రాలేదో కూడా 31 మందికీ తెలుస్తుంది.

డల్లాస్_అల్లుడు (డిసెంబర్ 20)
అది ఆలోచించలేదు. నిజమే.

నర్సమ్మ_ఆముదాలవలస (డిసెంబర్ 20)
ఫోన్‌లో ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ళ మంచం దగ్గర చేయించండి. మీ మావగారికి చెవి సరిగ్గా వినపడకపోతే ముందు ఆ మిషన్ బ్యాటరీ మార్పించండి. టీవీ కంటే చవక.

తోటపల్లి_కాలువ (డిసెంబర్ 21)
మా నాన్నమ్మ చివరి నాలుగేళ్ళు పార్వతీపురంలో ఒక ఆశ్రమంలో ఉంది. అక్కడ పండగలు బాగా చేసేవాళ్ళు, డబ్బులుండి కాదు. ఆ వార్డెనమ్మ గొప్పతనం ఏంటంటే, మామ్మల్ని కూర్చోబెట్టి తను చేసేది కాదు. పని వాళ్ళకే అప్పజెప్పేది. ధనుర్మాసం మొదలవగానే పక్కనున్న పశువుల సాల నుంచి పేడ తెప్పించి వరండాలో పోయించేది. ఇక అంతే. నడవలేనివాళ్ళు కూడా కుర్చీలో కూర్చుని గోడకి భోగి పిడకలు కొట్టేవాళ్ళు. చిల్లు ఎంత ఉండాలి, దండ గుచ్చితే విరుగుతుందా లేదా అని రోజూ తగువు. మా నాన్నమ్మకి అప్పటికి నా పేరు గుర్తు లేదు. పిడక మాత్రం కాసంత తేడా లేకుండా వేసేది.

పండగ మూడు రోజులే. పండగ పని నెల రోజులు. ఆ నెల రోజులు వాళ్ళకి ఇవ్వండి. దాతలు రెడీమేడ్ పండగ తెచ్చి ఇస్తే తినడం తప్ప వీళ్ళకి చేసేదేముంటుంది?

బొబ్బిలి_వీణ (డిసెంబర్ 21)
ఇది ప్రింటు తీసి గోడకి అంటించాలి. మా అత్తగారు ఎప్పుడూ ఒకటే అంటారు, "నన్ను చుట్టంలా చూస్తున్నారు" అని. మొదట్లో పొగడ్త అనుకున్నాను.

పెద్దచెరువుగట్టు (డిసెంబర్ 21)
పేడ రేపే తెప్పిస్తాను. మా కమిటీ పెద్ద ఒకాయన "వాసనొస్తుంది, డోనర్లు వస్తారు" అంటాడు. చూస్తాను.

మూడులాంతర్లు (డిసెంబర్ 21)
డోనర్ల చేత కూడా రెండు పిడకలు వేయించండి. సెల్ఫీలు వాటంతటవే తగ్గిపోతాయి.

సాలూరు_స్టెల్లా (డిసెంబర్ 22)
మధ్యలో క్రిస్మస్ ఉందని ఎవరికీ గుర్తు లేనట్టుంది :) మీ దగ్గర క్రైస్తవులు లేరా?

పెద్దచెరువుగట్టు (డిసెంబర్ 22)
ఉన్నారమ్మా, ముగ్గురు. ఒకాయన సాయిబు, బాబామెట్ట వైపు నుంచి. క్రిస్మస్‌కి ఒక చర్చివాళ్ళు వచ్చి కేకు కోసి అందరికీ పంచి పాటలు పాడి వెళ్తారు.

సాలూరు_స్టెల్లా (డిసెంబర్ 22)
అది చర్చివాళ్ళు చేసే క్రిస్మస్. ఆ ముగ్గురినీ అడిగి చూడండి ఏం కావాలో. మా అమ్మకి 80. ఆవిడకి కేకు అక్కర్లేదు. 24 రాత్రి ఆరాధనకి వెళ్ళాలి, అంతే. చిన్నప్పుడు మిషన్ కాంపౌండ్‌లో పెరిగింది, కెనడా మిషనరీ దొరసాని దగ్గర నేర్చుకున్న పాత కీర్తనలు ఇప్పటికీ నోటికొచ్చు. ఒక ఆటో మాట్లాడి, ఇద్దర్ని తోడిచ్చి రాత్రి గుడికి పంపిస్తే మీకయ్యే ఖర్చు కేకు కంటే తక్కువ. సాయిబుగారిని కూడా రంజానుకి ముందే అడగండి. ఉపవాసం ఉంటారో లేదో, తెల్లవారకముందు తినే సహరీకి ఎవరు లేపాలో.

సంక్రాంతికి వాళ్ళని దూరం పెట్టకండి, బలవంతంగా కూర్చోబెట్టనూ వద్దు. మా అమ్మ అరిసెలు చేస్తుంది, తింటుంది. బొట్టు పెడతామని మీద పడితే మాత్రం లేచి వెళ్ళిపోతుంది.

పాలకొండ_పిల్ల (డిసెంబర్ 22)
బొట్టు అంటే గుర్తొచ్చింది. మా మేనత్త ఉన్న చోట పండగకి ఆడవాళ్ళ బృందం ఒకటి వచ్చి పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క పంచారు. వరసగా ఇచ్చుకుంటూ వచ్చి, మొగుడు పోయినవాళ్ళ దగ్గర చెయ్యి వెనక్కి లాగేసుకుని పక్కావిడకి ఇచ్చారు. 22 మందిలో నలుగురికే దక్కింది. వృద్ధాశ్రమానికి వచ్చి ముత్తైదువుల్ని వెతుక్కోవడం ఏంటండీ? మా మేనత్త ఆ రాత్రి అన్నం తినలేదు.

రిటైర్డ్_మాస్టారు (డిసెంబర్ 22)
ఆచారం అలా ఉంది, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు...

పాలకొండ_పిల్ల (డిసెంబర్ 22)
ఏం చేస్తారంటే, పళ్ళూ జాకెట్టు ముక్కా అందరికీ ఒకేలా ఇచ్చి, పసుపు కుంకుమ పళ్ళెం ఒక బల్ల మీద పెట్టేస్తారు. కావాల్సినవాళ్ళు పెట్టుకుంటారు. అదీ చేతకాకపోతే రాకుండా ఉంటారు.

రిటైర్డ్_మాస్టారు (డిసెంబర్ 22)
బల్ల మీద పెట్టడం బాగుంది. మా ఆవిడతో కూడా అన్నాను, "మీకిన్నాళ్ళకి తెలిసిందా" అంది.

పెద్దచెరువుగట్టు (జనవరి 4)
ఒక చిక్కొచ్చి పడింది. నిన్న రాత్రి మా దగ్గర ఒక పెద్దావిడ పోయారు. 88 ఏళ్ళు. బంధువులు వచ్చి తీసుకెళ్ళారు. పిడకలు 200 దాటాయి, దండలు గుచ్చడమే తరువాయి. ఇప్పుడు పండగ చెయ్యొచ్చా? వంటావిడ మైల అంటోంది. కమిటీ ఆయన మానేద్దామంటున్నాడు.

రిటైర్డ్_మాస్టారు (జనవరి 4)
మైల జ్ఞాతులకే గానీ ఒక కప్పు కింద ఉన్నంత మాత్రాన అంటదు. ఇల్లు కడిగి శుద్ధి చేసుకుంటే సరిపోతుంది. పైగా మీలాంటి చోట ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. ప్రతిసారీ ఏడాది పట్టుకుంటే మీకు పండగే రాదు.

జీడిపప్పు_పలాస (జనవరి 4)
శాస్త్రం సరే. ఆవిడ పక్క మంచం వాళ్ళకి ఎలా ఉందో అడిగారా?

పెద్దచెరువుగట్టు (జనవరి 5)
అడిగాను. పక్క మంచం ఆవిడ అంది: "అది నాకంటే బాగా గుచ్చేది. దాని పిడకలు విడిగా ఉంచండి, భోగి నాడు నేను వేస్తాను." చేస్తున్నాం పండగ.

తోటపల్లి_కాలువ (జనవరి 5)
🙏

గజపతినగరం_గొర్రెలమంద (జనవరి 6)
తప్పెటగుళ్ళు పెట్టించండి, మా ఊళ్ళో బృందం ఉంది. డీజేకి ఇచ్చేదాంట్లో సగం కూడా అవ్వదు. ఇప్పుడు పిలిచేవాళ్ళే తగ్గిపోయారు, బస్సు ఛార్జీ ఇచ్చి భోజనం పెడితే వస్తారు. ముసలాళ్ళకి పాటలన్నీ నోటికొస్తాయి.

నర్సమ్మ_ఆముదాలవలస (జనవరి 6)
మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు ఉంటే చూసుకోండి. తప్పెట దగ్గరగా మోగితే భయపడిపోతారు. వెనక గదిలో ఒకరు తోడుండాలి.

పెద్దచెరువుగట్టు (జనవరి 18)
అయింది. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

భోగి మంట నాలుగున్నరకి అనుకున్నాం. మూడింటికే అందరూ లేచి స్నానాలు చేసి కుర్చీల్లో కూర్చున్నారు. నన్ను నిద్ర లేపింది వాళ్ళే. ఆస్తమా ఉన్న ముగ్గుర్నీ కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. అందులో ఒకాయన ఎవరూ చూడకుండా బయటికొచ్చేసి దండ వేసి వచ్చాడు. తర్వాత రెండుసార్లు నెబులైజర్ పెట్టాల్సి వచ్చింది. తిట్టబోతే "పోనీలే, వేశాను కదా" అన్నాడు.

అరిసెల దగ్గర పెద్ద యుద్ధమే. ఇద్దరు మామ్మలు పాకం దగ్గర కూర్చున్నారు, ఒకావిడ శ్రీకాకుళం, ఒకావిడ ఇక్కడే కొత్తవలస. నీళ్ళ గిన్నెలో పాకం చుక్క వేసి ఒకరు "వచ్చింది, దింపు" అంటారు, ఇంకొకరు "ఇంకా ఉండ కట్టలేదు" అంటారు. ఈలోగా ముదిరిపోయింది. రాళ్ళయ్యాయి. ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. రెండో వాయి స్టెల్లాగారు చెప్పినట్టు ఒక క్రైస్తవ మామ్మ కూర్చుంది, అది బాగా వచ్చింది. (24 రాత్రి ఆటో కూడా పంపాం. అర్ధరాత్రి దాటాక వచ్చారు, వాచ్‌మన్ నిద్రలో ఉంటే గేటు బయట పాటలు పాడి లేపారట.)

తప్పెటగుళ్ళు వాళ్ళు వచ్చారు. మొదటి దరువుకే ఒక మామ్మ గట్టిగా ఏడ్చేసింది. నర్సమ్మగారు చెప్పినా నేను తోడు మనిషిని ముందే పెట్టలేదు, తప్పు నాదే. వెనక గదిలోకి తీసుకెళ్ళాక సర్దుకుంది. మిగిలినవాళ్ళు మాత్రం రెండు గంటలు కదల్లేదు. రోజూ మంచం దిగని ఒకాయన, కుర్రప్పుడు తప్పెట వాయించేవాడట, ఈ సంగతి మా రికార్డుల్లో ఎక్కడా లేదు, ఒకరి దగ్గర తప్పెట అడిగి తీసుకుని గుండెకి తగిలించుకుని నాలుగు దరువులు వేశాడు.

దాతలకి ముందే చెప్పాం. డబ్బు ఇచ్చినా, బియ్యం ఇచ్చినా తీసుకుంటాం, వండినది పన్నెండు లోపే, ఫోటోలు వద్దు. ఒక బృందం రాలేదు. ఒక బృందం మాత్రం కనుమ తర్వాత వస్తామన్నారు, అప్పుడు ఎవరూ రారు కదా అని. అది నాకు నచ్చింది.

ఇంటికి వెళ్ళినవాళ్ళు ఆరుగురు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఇద్దర్ని కనుమ పొద్దున్నే తెచ్చి దింపేసి వెళ్ళారు, రైలు టైమని. గారెలు ఇక్కడే తిన్నారు.

ఇక పెద్దలకి పెట్టుకోవడం. విజిటర్స్ గది ఖాళీ చేసి కడిగి ముగ్గులు పెట్టించాం. 14 మంది బట్టలు పెట్టుకున్నారు. ఎవరి పీట వాళ్ళదే కావాలన్నారు, పీటలు చాలక అట్టపెట్టెలు తిరగేసి పసుపు గుడ్డ కప్పాం. ఒకాయన భార్యకి రవికె గుడ్డ, ఒకావిడ చిన్నప్పుడే పోయిన కూతురికి గౌను. ఆ గౌను ఎప్పుడు కొన్నారో, ఎవరి చేత తెప్పించారో నాకు తెలియదు. మైల ఉందని ఒకావిడ పెట్టుకోలేదు, గుమ్మం దగ్గర కూర్చుంది. తలుపు దగ్గరగా వేసి అందరం వరండాలో నిలబడ్డాం. పది నిమిషాలు. ఎవరూ మాట్లాడలేదు.

రిటైర్డ్_మాస్టారు (జనవరి 18)
పంచె పెట్టుకుందా ఆ చీపురుపల్లి ఆవిడ?

పెద్దచెరువుగట్టు (జనవరి 18)
పెట్టుకుంది మాస్టారూ. కిందటేటిదే, మడత కూడా విప్పలేదు. సాయంత్రం తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. నేను వద్దన్నాను. "పెద్దలకి పెట్టింది ఇంట్లో మగాడెవరో కట్టుకోవాలి కదా, ఊరికే పెట్టెలో ఉంచకూడదు" అంది. నాకు పంచె కట్టడం రాదు. కట్టుకుని వస్తే నా చుట్టూ తిరిగి చూసి "ఇదేం కట్టు, లుంగీలాగ" అని అందరి ముందూ తిట్టి, ఇక్కడి ఒక తాతగారి చేత విప్పించి మళ్ళీ కట్టించింది.

మూడులాంతర్లు (జనవరి 18)
ఫోటో పెట్టండి!

పెద్దచెరువుగట్టు (జనవరి 18)
ఫోటోలు వద్దని బోర్డు రాసింది నేనేనండీ.

బొబ్బిలి_వీణ (జనవరి 19)
రథసప్తమికి జిల్లేడు ఆకులు, రేగుపళ్ళు ఇప్పుడే చెప్పి పెట్టుకోండి. ఆ పాకం మామ్మలిద్దరికీ పిడకల మీద పాలు పొంగించే పని కలిపి ఇవ్వండి.

పెద్దచెరువుగట్టు (జనవరి 19)
రెండు పొయ్యిలు పెడతాను. అంత ధైర్యం లేదు నాకు.